మందుల దుకాణంలో ఐస్‌క్రీము బల్ల



మొన్న వేసవిలో ఒక సాయంత్రం పటాన్‌చెరులో ఒక మందుల దుకాణం ముందు నిలబడి ఉన్నాను. నా ముందు ఒక చిన్న వయసు తల్లి, ఆమె చంకలో మూడేళ్ళ పిల్లవాడు. వాడికి జ్వరం. తల్లి డాక్టరుగారి చీటీ అందిస్తోంది. వాడేమో పక్కనున్న గాజుమూత ఐస్‌క్రీము పెట్టె వైపు చెయ్యి చాచి ఒకటే ఏడుపు. ఆ తల్లికి విసుగొచ్చి, "ఏందన్నా, జరం గోలీ అమ్మేది నువ్వే, సర్ది పట్టిచ్చేది గూడ నువ్వేనా?" అని అడిగింది. మేమందరం నవ్వాం. దుకాణదారు కూడా నవ్వి, "ఏం జెయ్యాలమ్మా, ఎండకాలం గోలీలకన్న ఇదే ఎక్కువ నడుస్తది" అన్నాడు.

నవ్వుకుంటూ ఇంటికి వచ్చానే గాని, ఆమె ప్రశ్న మాత్రం నన్ను వదలలేదు. నిజమే కదండీ, మందుకూ ఐస్‌క్రీముకూ పొత్తు ఎక్కడ కుదిరింది? రోగం వచ్చినవాడు వెళ్ళే చోట సరదా తిండి ఎందుకు చేరింది? ఈ పొత్తు ఇవాళ్టిది కాదు. రెండు వందల ఏళ్ళ పైచిలుకు కథ. అది తెలుసుకోవాలంటే మనం ఒకసారి సముద్రాలు దాటి అమెరికా దాకా వెళ్ళి, తిరిగి మన పటాన్‌చెరుకే రావాలి.

కథ ఐస్‌క్రీముతో కాదు, సోడాతో మొదలవుతుంది. మన ఇళ్ళలో ఇప్పటికీ పెళ్ళి భోజనం ఎక్కువై కడుపు ఉబ్బరిస్తే, "ఒక సోడా తాగరాదూ, సర్దుకుంటుంది" అంటాం. ఈ నమ్మకం మనకొక్కళ్ళకే లేదు. ఐరోపాలో భూమిలోంచి బుడగలతో ఉబికివచ్చే ఊటనీళ్ళు తాగితే రోగాలు పోతాయని వెనకటినుంచీ నమ్మేవారు. 1767లో ఇంగ్లండులో జోసెఫ్ ప్రీస్ట్లీ అనే శాస్త్రజ్ఞుడు మామూలు నీటిలోకి గ్యాసు ఎక్కించే ఉపాయం కనిపెట్టాడు. ఇక ఊటబావి దాకా పోనక్కరలేదు, సోడా ఊళ్ళోనే తయారుచేసుకోవచ్చు. మరి తయారు చేసేదెవరు? ఆమ్లము, సున్నపురాయి కలిపి గ్యాసు పుట్టించడం వంటింటి పని కాదు. అది తెలిసినవాడు మందులు నూరే మనిషే. అందుచేత అమెరికాలో సోడా యంత్రం మందుల దుకాణంలోనే వెలిసింది.

ఆ రోజుల్లో మందులు ఇప్పటిలా చక్కగా రేకులో బిగించిన మాత్రలు కావు. నూరిన పొడులు, కషాయాలు, చేదు అరకులు. మన అమ్మమ్మలు చేదుమందు మీద తేనెచుక్క వేసి నాలుకకు రాసేవారే, సరిగ్గా అదే కిటుకు ఆ దుకాణదారులూ పట్టుకున్నారు. చేదు అరకులో పళ్ళరసం, చక్కెర పాకం పోసి, పైన సోడా పొంగించి ఇచ్చేవారు. రోగి మొహం చిట్లించకుండా తాగేవాడు. కొన్నాళ్ళకు రోగం లేనివాళ్ళు కూడా వచ్చి, "మందు వద్దు గాని, ఆ పాకం సోడా ఇవ్వండి" అనడం మొదలుపెట్టారు! చేదును దాచడానికి వచ్చిన తీపి ఆ విధంగా తానే సరుకై కూర్చుంది.

1886లో అట్లాంటా నగరంలో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు తలనొప్పికి, నీరసానికి మంచిదని ఒక పాకం తయారుచేశాడు. జేకబ్స్ ఫార్మసీ అనే మందుల దుకాణంలో దాన్ని సోడాతో కలిపి గ్లాసు అయిదు సెంట్లకు అమ్మారు. అదే కోకా కోలా. ఇవాళ మన పిల్లలు పుట్టినరోజు పండగల్లో తాగే పానీయం మందుల దుకాణం బల్ల మీద టానిక్కుగా పుట్టిందంటే ఆశ్చర్యంగా లేదూ? అంతకు ముందే, 1874లో, ఫిలడెల్ఫియాలో రాబర్ట్ గ్రీన్ అనే ఆయన సోడాలో ఐస్‌క్రీము వేసి అమ్మి పేరు తెచ్చుకున్నాడంటారు. సోడాబల్ల వెనకాల మంచుపెట్టె ఎలాగూ ఉంది. ఐస్‌క్రీము వచ్చి అందులో చేరింది.

ఇక్కడ మనలాంటి ఒక ఇల్లాలి సంగతి చెప్పాలి. చికాగోలో చార్లెస్ వాల్‌గ్రీన్ అనే ఆయన 1901లో ఒక మందుల దుకాణం కొన్నాడు, 1909లో రెండోది పెట్టాడు. సోడాబల్ల వేసవిలో కళకళలాడేది. చలికాలం వచ్చేసరికి ఐస్‌క్రీము అడిగే నాథుడు లేడు, బల్ల బోసిపోయేది. అప్పుడు ఆయన భార్య మర్టిల్ ముందుకొచ్చింది. తెల్లవారకముందే లేచి, తన ఇంటి పొయ్యి మీద సూపులు కాచి, శాండ్‌విచ్‌లు, కేకులు చేసి దుకాణానికి పంపేది. వేడివేడి తిండి కోసం జనం చలికాలంలోనూ రాసాగారు. మందుల దుకాణాల్లో భోజనం బల్లలు వర్ధిల్లడానికి ఆమె వంట కూడా ఒక కారణం. వాల్‌గ్రీన్ పేరు తరవాత వేల దుకాణాల నుదుట వెలిగింది. కాని బోర్డు మీది పేరు చదివినవాళ్ళలో ఎంతమందికి మర్టిల్ పొయ్యి గుర్తుంటుంది చెప్పండి!

1920 నుంచి 1933 దాకా అమెరికాలో మద్యనిషేధం అమలైంది. సారా దుకాణాలు మూతపడ్డాయి. సాయంత్రం పూట నలుగురు కూర్చుని మాట్లాడుకునే చోటు ఏది? మందుల దుకాణంలోని ఐస్‌క్రీము బల్లే. భార్యాబిడ్డలతో కలిసి వెళ్ళదగిన మర్యాదైన చోటు కూడాను. డాక్టరు చీటీ రాస్తే మందుగా విస్కీ ఇచ్చే వెసులుబాటు కూడా ఆ దుకాణాలకే ఉండేదిలెండి, అది వేరే సంగతి! 1922లో వాల్‌గ్రీన్ దుకాణంలో పనిచేసే ఐవర్ కూల్సన్ అనే ఉద్యోగి మాల్టు కలిపిన పాలలో ఐస్‌క్రీము ముద్దలు వేసి గిలక్కొట్టి ఇచ్చాడు. జనం దానికోసం వరసకట్టారు. ఆ పదేళ్ళలోనే ఇరవై దుకాణాల గొలుసు వందల్లోకి పెరిగింది.

ఇంతవరకు విన్నది ముచ్చటైన కథే. కాని ఆ బల్లకు ఇంకో కథ కూడా ఉంది.

ఆ చల్లని బల్ల ముందు అందరినీ కూర్చోనిచ్చేవారు కారు. చాలా ఊళ్ళలో నల్లజాతివారు దుకాణంలోకి వచ్చి మందు కొనుక్కోవచ్చు. వాళ్ళ డబ్బు చెల్లుతుంది. కాని తెల్లవాళ్ళ పక్కన ఎత్తు కుర్చీ మీద కూర్చుని ఐస్‌క్రీము తినడానికి మాత్రం వీల్లేదు. కావాలంటే కాగితం కప్పులో పట్టుకుని బయటకు పోవాలి. మనకిది కొత్తగా అనిపించదు. మన పల్లెల్లో హోటళ్ళ ముందు రెండు గ్లాసుల పద్ధతి ఎంతకాలం సాగిందో, ఎంతమంది దానిమీద పోరాడవలసి వచ్చిందో మనకు తెలియనిది కాదు.

1958 వేసవిలో కాన్సాస్ రాష్ట్రంలోని విచిటా పట్టణంలో నల్లజాతి యువతీయువకులు డాకమ్ అనే మందుల దుకాణంలో బల్ల ముందు వచ్చి కూర్చున్నారు. ఎవరూ వడ్డించలేదు. వాళ్ళు అల్లరి చెయ్యలేదు, తిట్టలేదు, ఊరికే కూర్చున్నారు. మూడు వారాలకు పైగా అలా కూర్చుంటే బేరాలు పడిపోయి, దుకాణం వాళ్ళే దిగివచ్చారు.

అదే ఏడాది ఆగస్టు 19న ఓక్లహోమా సిటీలో క్లారా లూపర్ అనే చరిత్ర ఉపాధ్యాయిని పదమూడు మంది పిల్లల్ని వెంటబెట్టుకుని కాట్జ్ అనే మందుల దుకాణానికి వెళ్ళింది. ఆ పిల్లల్లో ఆవిడ కూతురు కూడా ఉంది. తలా ఒక కోకా కోలా అడిగారు. ఇవ్వలేదు. జనం చుట్టూ మూగి తిట్టారు, ఉమ్మారు. పిల్లలు కదలలేదు. మర్నాడు మళ్ళీ వచ్చారు. కొద్దిరోజుల్లోనే ఆ సంస్థ తల వంచి, కొన్ని రాష్ట్రాల్లో ఉన్న తన దుకాణాలన్నింటిలోనూ ఆ వివక్షను ఎత్తివేసింది. అమెరికా పౌరహక్కుల పోరాటంలో ఇది మరచిపోరాని ఘట్టం. దానికి వేదిక మందుల దుకాణంలోని తిండిబల్ల. దాన్ని నడిపించింది ఒక తల్లి, ఒక టీచరు. పిల్లల్ని అంత అవమానం మధ్య కూర్చోబెట్టడానికి ఆ తల్లి గుండె ఎంత గట్టిపడి ఉండాలో మీరే ఊహించుకోండి.

ఆ తరవాత బల్లలకు మంచిరోజులు ఎక్కువకాలం నిలవలేదు. ఇంటింటికీ ఫ్రిజ్జి వచ్చింది. సరుకు ఎవరికి వారే తీసుకునే పద్ధతి వచ్చింది. కుర్చీలు వేసిన స్థలంలో అలమరలు పెడితే లాభమని దుకాణదార్లు లెక్కలు వేశారు. చాలాచోట్ల ఐస్‌క్రీము బల్లలు ఎత్తేశారు.

ఒక్క కాలిఫోర్నియా వైపు మాత్రం ఆ పాత వాసన చాలాకాలం మిగిలింది. 1929లో లాస్‌ఏంజెలిస్‌లో మొదలైన థ్రిఫ్టీ అనే మందుల దుకాణాల సంస్థ 1940 నుంచి సొంతంగా ఐస్‌క్రీము చేయించి, ముద్ద అయిదు సెంట్లకు అమ్మింది. వాళ్ళ గరిటె విచిత్రమైనది. ముద్ద గుండ్రంగా కాక, మన ఇడ్లీ పళ్ళెంలో కాక గ్లాసులో ఉడికిన ఇడ్లీలాగా, పైన చదునుగా, నిలువుగా వస్తుంది. ఎవరు తీసినా అదే కొలత. ఒకదాని మీద ఒకటి పేర్చినా జారదు. 1996లో రైట్ ఎయిడ్ అనే పెద్ద సంస్థ ఆ దుకాణాలను కొన్నా, ఐస్‌క్రీము బల్లను మాత్రం తీసెయ్యలేదు. పిల్లల దగ్గరికి కాలిఫోర్నియా వెళ్ళి వచ్చిన మన అత్తయ్యలు, పిన్నమ్మలు కొందరు బి.పి. మాత్రలకని వెళ్ళి మనవడి చేతిలో ఐస్‌క్రీముతో తిరిగి వచ్చే ఉంటారు. రైట్ ఎయిడ్ అప్పుల్లో మునిగి 2023లో ఒకసారి, 2025లో మరోసారి దివాలా పిటిషను వేసింది. 2025 అక్టోబరులో మిగిలిన దుకాణాలన్నీ మూసేసింది. ఐస్‌క్రీము పేరును మాత్రం వేరేవాళ్ళు కొనుక్కున్నారు. చూశారా, మందు అమ్మిన దుకాణం పోయింది, దానికి తోకగా వచ్చిన తీపి బతికింది!

ఇక మన ఇంటికి తిరిగి వద్దాం.

మన హైదరాబాదులో ఐస్‌క్రీము మందుల దుకాణంలో పుట్టలేదు. 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్టులో, పండ్ల అంగళ్ళ పక్కన పెరిగింది. అక్కడి ఫేమస్ ఐస్‌క్రీము దుకాణం 1951 నాటిది. సీతాఫలమో, మామిడో, ఆ రుతువులో వచ్చిన పండే అక్కడి రుచి. మందుల దుకాణంలోకి చల్లపెట్టె తరవాతెప్పుడో వచ్చింది. నా చిన్నప్పుడు మా పేటలో ఫ్రిజ్జి ఉన్నది మందుల దుకాణంలోనే. ఇంజెక్షన్ల కోసం పెట్టిన ఆ ఫ్రిజ్జిలోంచి ఎండాకాలం ఒక గ్లాసు చల్లనీళ్ళు ఇప్పించుకోవడం మాకు పండగే.

కాని మందుల తయారీలో మాత్రం మన ప్రాంతం ప్రపంచానికే పెద్దదిక్కయింది. 1970 నాటి పేటెంటు చట్టం 1972లో అమల్లోకి వచ్చాక, మందు ఒకటే అయినా వేరే పద్ధతిలో తయారు చేసుకునే వీలు మనవాళ్ళకు కలిగింది. బాలానగరులోని ప్రభుత్వ సంస్థ ఐ.డి.పి.ఎల్.లో పని నేర్చినవాళ్ళు బయటికి వచ్చి సొంత కర్మాగారాలు పెట్టారు. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం, ఆ వైపంతా మందుల పరిశ్రమ అల్లుకుంది. అమెరికాలో 1984లో చవక మందులకు దారి తీసే చట్టం వచ్చాక మన సరుకు అక్కడి దుకాణాలకూ చేరింది. అదే ముంబయి రోడ్డు పట్టుకుని సంగారెడ్డి దాటి జహీరాబాదు వైపు వెళితే, గోవిందపూర్‌లో ఈ మధ్య కాలంలో పెద్ద ఐస్‌క్రీము ఫ్యాక్టరీ కూడా వెలిసింది. అంటే ఒక్క మన సంగారెడ్డి జిల్లాలోనే మందూ తయారవుతోంది, ఐస్‌క్రీమూ తయారవుతోంది.

ఈ రెంటికీ పనికొచ్చే ఒక తెల్లని పొడి ఉంది. కొయ్యగుజ్జు నుంచి తీస్తారు. పేరు మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్. 1955లో అమెరికాలో బాటిస్టా అనే శాస్త్రజ్ఞుడు, పట్రీషియా స్మిత్ అనే శాస్త్రజ్ఞురాలు కలిసి దీన్ని కనిపెట్టారు. మాత్ర పొడిపొడి కాకుండా పట్టి ఉంచేది ఇదే. కొన్ని ఐస్‌క్రీముల్లో మంచు పలుకులు కట్టకుండా నున్నగా ఉండటానికి కూడా దీన్ని వాడతారు. డబ్బా మీద 460 అనే అంకె కనిపిస్తే సెల్యులోజ్ అని అర్థం.

ఆ పొడి తయారుచేసే పాశమైలారం కర్మాగారంలోనే 2025 జూన్ 30 ఉదయం పెద్ద పేలుడు జరిగింది. యాభైమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఒరిస్సా, బీహారు, ఉత్తరప్రదేశ్‌ల నుంచి పొట్టచేత పట్టుకుని వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎంతోమంది. కొందరి ఆనవాళ్ళు కూడా దొరకలేదు. ఏ బిడ్డ ఎక్కడున్నాడో తెలియక గేటు దగ్గర, ఆసుపత్రి దగ్గర రోజులకొద్దీ కూర్చున్న తల్లుల్ని, భార్యల్ని మనం టీవీలో చూశాం. ఆ రోజు నుంచి మాత్ర చేతిలోకి తీసుకుంటే నాకు వాళ్ళే గుర్తొస్తున్నారు. బల్ల మీద ఉన్న తెల్లని మాత్ర, చల్లని ఐస్‌క్రీము ఎంత శుభ్రంగా కనిపిస్తాయి! వాటి వెనక ఎవరి చెమట ఉందో ఆ తెలుపులో కనిపించదు. మర్టిల్ పొయ్యి బోర్డు మీద కనిపించనట్టే.

ఇంకొక్క ముచ్చట చెప్పి ముగిస్తాను. మందుల దుకాణం అంటే మనకు ఒక నమ్మకం. అక్కడ అమ్మేది ఒంటికి మంచిదే అనుకుంటాం. ఆ నమ్మకాన్నే తీపి సరుకు అరువు తెచ్చుకుంటుంది. విరేచనాలైన పిల్లలకు పట్టే ఓ.ఆర్.ఎస్.లో చక్కెర చాలా కొలతగా ఉండాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పినది లీటరుకు పదమూడున్నర గ్రాముల గ్లూకోజు. దానికి ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయాలను ఓ.ఆర్.ఎస్. అనే అక్షరాలు తగిలించి అట్టపెట్టెల్లో, మందుల దుకాణాల్లోనే అమ్మారు. ఎక్కువ చక్కెర విరేచనాలను పెంచుతుంది, తగ్గించదు. మన హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్‌గారు దీనిమీద ఎనిమిదేళ్ళు ఒంటరిగా పోరాడారు. చివరకు 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ, అలాంటి పానీయాల మీద ఆ మూడక్షరాలు వాడకూడదని ఆజ్ఞాపించింది. అట్లాంటాలో టానిక్కు పేరుతో మొదలైన కథ ఇక్కడ ఒక తల్లి పట్టుదల ముందు ఆగింది.

కనుక అమ్మలారా, ఐస్‌క్రీము తినవద్దని నేను చెప్పడం లేదు. పిల్లలు తినాలి, మనమూ తినాలి. కాని డబ్బా వెనక చిన్న అక్షరాలు ఒకసారి చదవండి. ఐస్‌క్రీము అని ఉంటే అది పాల వెన్నతో చేసినది. ఫ్రోజెన్ డెజర్ట్ అని ఉంటే అందులో నూనె కొవ్వు ఉంటుంది. ఓ.ఆర్.ఎస్. కావాలంటే పొడి పొట్లం అడిగి, దానిమీద చెప్పినంత నీటిలోనే పూర్తిగా కలపండి. ఇంట్లో ఇన్సులిన్ ఉంటే ఫ్రిజ్జి అరలో పెట్టండి గాని, ఐస్‌క్రీము పెట్టే మంచు అరలో ఎన్నడూ పెట్టకండి. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు.

ఆ రోజు పటాన్‌చెరులో ఆ చిన్నతల్లి పిల్లవాడికి ఐస్‌క్రీము కొనిచ్చిందా అని అడుగుతారేమో. కొనివ్వలేదు. "జరం తగ్గినంక కొనిస్త బిడ్డా" అని మాట ఇచ్చి, మందు సంచీ చేతబట్టుకుని, వాణ్ణి భుజాన వేసుకుని బస్సెక్కింది. కిటికీలోంచి ఆమె మెడలో వేలాడుతున్న కార్డు కనిపించింది. పారిశ్రామికవాడలో పనిచేసేవాళ్ళు వేసుకునే కార్డు అది. ఆమె చేతిలోని గోలీ ఎవరు చేశారో ఆమెకు మనకన్నా బాగా తెలుసు.